అపహృత సంఖ్యల అంగడి

2019వ సంవత్సరము అక్టోబరు మాసాంతమున జోకర్స్ స్టాష్ అను రహస్య విపణిలో క్రొత్త సరకొకటి అమ్మకమునకు వచ్చెను. 13 లక్షలకు పైబడిన బ్యాంకు కార్డుల వివరములను ఒకే మూటగా కట్టి, దానికి మన దేశము పేరు పెట్టి, ఒక్కొక్క కార్డునకు 100 డాలర్ల వంతున వెలకట్టి విక్రేతలు ప్రకటించిరి. అట్టి విపణులను నిరంతరము కనిపెట్టి యుండు గ్రూప్-ఐబీ అను భద్రతా సంస్థవారు పరిశీలింపగా, వానిలో నూటికి 98కి పైగా భారతీయ బ్యాంకులు జారీచేసినవే యని తేలెను. సాధారణమైన దొంగతనమున పోయిన వస్తువు యజమానుని యొద్ద కనబడదు గనుక అతడు వెంటనే మేలుకొనును. ఈ దొంగతనమున కార్డు యజమానుని జేబులోనే భద్రముగ నుండును. దానిని ఆధారము చేసికొని డబ్బు తీయగల సమాచారము మాత్రము సముద్రములు దాటిపోయి, పేరు తెలియని ఒకనిచే అమ్మబడి, ముఖము తెలియని మరియొకనిచే కొనబడును.

ఇరువది సంవత్సరములకు పైగా సాగిన యీ వర్తకము, పరస్పర విశ్వాసమునకు తావే లేని మనుష్యుల నడుమ ఎట్లు పుట్టి ఎట్లు పెరిగినదో, కోట్ల డాలర్లు చేతులు మారిన దశనుండి సరకును ఉచితముగ పంచిపెట్టు దశకు ఎందుచేత దిగజారినదో విచారించినచో, పోలీసుల సాహసములకంటె కార్డుపైనున్న సంఖ్య స్వభావమునందు వచ్చిన మార్పే దీని పతనమునకు ముఖ్య కారణమని నాకు తోచుచున్నది. ఆ మార్పు అర్థము కావలెనన్నచో ముందుగా కార్డు వెనుకనున్న నల్లని పట్టీని గూర్చి తెలిసికొనవలెను.

1960 దశకమున అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఫారెస్ట్ ప్యారీ అను ఇంజనీరు, అయస్కాంత టేపు ముక్కను ప్లాస్టిక్ కార్డునకు చెడకుండ అతికించుటెట్లని ఆలోచించుచుండగా, అప్పుడు బట్టలు ఇస్త్రీ చేయుచుండిన ఆయన భార్య ఆ ఇస్త్రీపెట్టె వేడితోనే అతికించి చూడుమని చెప్పినదని ఆ సంస్థవారు తమ చరిత్రలో వ్రాసికొనిరి. అట్లు పుట్టిన పట్టీలో సమాచారము సన్నని సమాంతర దారులలో నిలువ చేయబడియుండును. మొదటి దారిలో 79 అక్షరములకు, రెండవ దారిలో 40 అక్షరములకు మించి చోటు లేదు. కార్డు సంఖ్య, యజమాని పేరు, గడువు తేది, ఆ కార్డు ఎచ్చట ఏ విధముగ చెల్లునో తెలుపు సంకేతము, బ్యాంకు తన సౌకర్యము కొరకు చేర్చుకొన్న కొన్ని అంకెలు మాత్రమే అందులో ఇముడును. సంఖ్యలోని మొదటి ఆరు అంకెలు (ఇటీవల ఎనిమిది) జారీచేసిన బ్యాంకును తెలుపును. చివరి అంకె, అదే సంస్థలో పనిచేసిన హన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటు కొరకు సమర్పించిన సూత్రము ననుసరించి వచ్చును. కుడినుండి ఒక అంకె విడిచి ఒక అంకెను రెట్టింపు చేసి, రెట్టింపు వలన రెండంకెలు వచ్చినచోట వానిని కలిపి, అన్నిటిని కూడినప్పుడు వచ్చు మొత్తము పదిచేత నిశ్శేషముగ భాగింపబడవలెను. వ్రాయునపుడు ఒక అంకె పొరపడినయెడల ఈ సూత్రము దానిని పట్టియిచ్చును గాని, పొరపాటు చేయని దొంగను అది పట్టజాలదు.

ఈ పట్టీలోని మౌలిక లోపము ఒక్కటే. అది ఎప్పుడు అడిగినను, ఎవరు అడిగినను, ఒకే సమాధానము చెప్పును. రబ్బరు ముద్రను చూచి తయారుచేసిన నకలు ముద్ర కాగితముపై అదే గుర్తును వేసినట్లుగా, ఆ నలుబది అక్షరములను ఎవరైనను ఒకసారి చదివి మరియొక తెల్లకార్డుపై ఎక్కించినచో, ఏ.టి.ఎం. యంత్రమునకు గాని, దుకాణములో కార్డు గీకు యంత్రమునకు గాని అసలు కార్డునకును నకలు కార్డునకును భేదము తెలియదు. పట్టీలోని యావత్సమాచారమును దొంగల పరిభాషలో డంపు అందురు. కార్డుపై అచ్చయిన సంఖ్య, గడువు తేది, వెనుకనున్న మూడంకెల సంకేతము మాత్రము దొరికినచో దానిని సీవీవీ అందురు. అంతర్జాలముపై కొనుగోలుకు అది చాలును. చిరునామా, పుట్టినతేది మొదలైనవి కూడ చేరినచో దానిని ఫుల్జ్ అందురు. ఈ మూడింటి ధరలు వేరువేరు.

సరకు ఎచ్చటనుండి వచ్చెడిది? ఏ.టి.ఎం. నోటివద్ద చిన్న పరికరమును అమర్చి పట్టీని చదివెడివారు కొందరు గలరు గాని, విపణిని నింపినది ఆ చిల్లర దొంగతనము కాదు. 2007లో బయటపడిన టి.జె.ఎక్స్. దుకాణముల ఉదంతమున, బలహీనమైన సంకేతలిపితో నడుచుచున్న వైర్‌లెస్ సంబంధము గుండ దొంగలు లోనికి జొరబడి, కనీసము 4 కోట్ల 57 లక్షల కార్డుల వివరములు కొనిపోయిరి. 2008లో హార్ట్‌లాండ్ అను చెల్లింపుల సంస్థనుండి పోయినవి సుమారు 13 కోట్లు. 2013లో నవంబరు 27 మొదలు డిసెంబరు 15 వరకు, అమెరికావారు పండుగ కొనుగోళ్లలో మునిగియున్న దినములలో, టార్గెట్ దుకాణములనుండి 4 కోట్ల కార్డులు పోయెను. శీతల యంత్రముల పనిచేయు ఒక చిన్న కంట్రాక్టు సంస్థకు టార్గెట్‌వారిచ్చిన పాస్‌వర్డును దొంగిలించి, దాని ఆధారముతో దుకాణపు గల్లాపెట్టె కంప్యూటర్ల వరకు చేరి, వాని మెమరీలో ఒక దుష్ట ప్రోగ్రామును నిలిపిరి. కార్డు వివరములు దారిలో ప్రయాణించునపుడు సంకేతలిపిలో దాగియున్నను, గీకిన మరుక్షణమున యంత్రపు మెమరీలో మాత్రము తెరచిన పుటవలె నుండును. ఆ ప్రోగ్రాము కాచుకొనియుండి, కార్డు సంఖ్య ఆకారములో నున్న ప్రతి అంకెల వరుసను ఏరుకొనెను. ఏ గోడకు ఎంత ఎత్తున్నను, రహస్యము తెరచియుంచక తప్పని ఆ ఒక్క క్షణమే దొంగకు చాలెను.

ఇట్లు కోట్ల సంఖ్యలు చేజిక్కించుకొన్నవానికి వేరొక చిక్కు కలదు. అన్నిటిని తానే వాడుకొనుటకు సాధ్యము కాదు. నకలు కార్డులు చేయవలెను, ఊరూర తిరిగి వస్తువులు కొనవలెను, వానిని అమ్మి సొమ్ము చేసికొనవలెను. బ్యాంకువారు కార్డులను రద్దుచేయక మునుపే యిదంతయు జరిగిపోవలెను. కావున జొరబడువాడొకడు, నకలు చేయువాడొకడు, దుకాణమునకు పోవువాడొకడు అను శ్రమవిభజన అనివార్యమయ్యెను. శ్రమవిభజన యున్నచోట విపణి పుట్టును. విపణి పుట్టినచోట విశ్వాసమను ప్రశ్నయు తప్పదు.

ఆ ప్రశ్న యెంత కఠినమో అర్థశాస్త్రవేత్తలు చక్కగ చూపిరి. కొనువానికి సరకు మంచిచెడ్డలు తెలియవు, అమ్మువానికి తెలియును. అట్టి విపణిలో కొనువాడు మోసమును శంకించి తక్కువ ధరయే యిచ్చును. ఆ ధరకు మంచి సరకుగలవాడు అమ్మడు. మిగిలినది చెడ్డ సరకే గనుక ధర యింకను దిగును. పాతకార్ల విక్రయమును ఉదాహరించి జార్జి అకర్లాఫ్ 1970లో ఈ సంగతిని నిరూపించెను. 2001లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులగు కార్మాక్ హెర్లీ, డినే ఫ్లోరెన్సియో 2009లో ఈ సూత్రమును దొంగల విపణికి అన్వయించిరి. వేల డాలర్లు తీయగల కార్డును ఎవరైనను కొద్దిపాటి ధరకు అమ్మజూపుచున్నారన్నచో, ఆ సరకు చెల్లనిదో, ఆ విక్రేత తోటి దొంగను దోచుటకు వచ్చినవాడో అయియుండవలెనని వారు వాదించిరి. కొనువాడు మోసపోయినను ఫిర్యాదు చేయుటకు అతనికి న్యాయస్థానము లేదు. ఇట్టి స్థితిలో వర్తకము నిలువవలెనన్నచో, న్యాయస్థానము చేయు పనిని చేయు మరేదో ఏర్పాటు కావలెను. రహస్య విపణుల చరిత్ర యంతయు ఆ ఏర్పాటు కొరకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

మొదటి ప్రయత్నము ఉక్రెయిన్ దేశమందలి ఒడెస్సా నగరములో జరిగెను. 2001లో అచ్చటివారు కొందరు కార్డర్‌ప్లానెట్ అను సమావేశ స్థలమును అంతర్జాలముపై నెలకొల్పిరి. దాని ననుసరించి 2002లో ఆంగ్లభాషలో షాడోక్రూ వెలసి, సుమారు 4,000 మంది సభ్యులను చేర్చుకొనెను. అందు అమ్మదలచినవాడు ముందుగా సరకు మచ్చును పరీక్షకునికి పంపవలెను. అతడు పరీక్షించి మంచిదని వ్రాసిన పిమ్మటనే అమ్మకమునకు అనుమతి దొరకును. కొనువాని సొమ్ము మధ్యస్థుని యొద్ద ధరావతుగా నుండి, సరకు ముట్టిన తరువాత అమ్మువానికి చేరును. మోసగాని పేరు అందరికిని చాటబడి, అతనికి ఆ స్థలమున ప్రవేశము లేకుండ పోవును.

అయితే పరపతి యనునది మారుపేరునకు కట్టిన పరపతి. ఆ పేరు వెనుక నున్న మనిషి మారినను పేరు మారదు. ఈ లోపమును అమెరికా సీక్రెట్ సర్వీసువారు గ్రహించిరి. షాడోక్రూ నిర్వాహకులలో నొకడైన ఆల్బర్ట్ గొంజాలెజ్‌ను పట్టుకొని, తమ వేగుగా మార్చుకొని, అతనిద్వారా సభ్యుల సంభాషణలను వినుచు, 2004 అక్టోబరు 26న ఒకేసారి దాడిచేసి 28 మందిని నిర్బంధించిరి. దుఃఖకరమైన సంగతి యేమనగా, ప్రభుత్వమునకు వేగుగా పనిచేయుచునే గొంజాలెజ్ తన ముఠాతో టి.జె.ఎక్స్., హార్ట్‌లాండ్ దొంగతనములను నడపెను. 2010 మార్చిలో అతనికి ఇరువది సంవత్సరముల శిక్ష పడినది. తరువాత వెలసిన డార్క్‌మార్కెట్ సంగతి యింకను విచిత్రమైనది. మాస్టర్ స్ప్లింటర్ అను మారుపేరుతో దాని నిర్వహణము చేపట్టి, దాని సర్వరును తన యధీనములో నుంచుకొన్నవాడు పిట్స్‌బర్గ్ నగరమందలి ఎఫ్.బి.ఐ. ఉద్యోగి కీత్ ములార్స్కీ. 2008 అక్టోబరులో ఆ విపణి మూతపడునప్పటికి 56 మంది నిర్బంధింపబడిరి. అంతటినుండి ప్రతి విపణిలోను ప్రతివాడును తోటివానిని పోలీసేమోయని అనుమానించు కాలము వచ్చెను.

ఈ అనుమానమునకు విరుగుడుగా దొంగలు కనిపెట్టినది యంత్రముతో నడుచు దుకాణము. కొనువాడు ఎవరితోను మాటలాడ పనిలేదు. ముందుగా ఖాతాలో సొమ్ము వేసికొని, బ్యాంకు పేరు, దేశము, నగరము, కార్డు రకము చొప్పున వెదకి, కావలసినవి ఏరుకొని, అచ్చటికచ్చటనే తీసికొనవచ్చును. కార్డు చెల్లునో చెల్లదో పరీక్షించు చెకర్ అను ఉపకరణము ప్రక్కనే యుండును; చెల్లదని తేలినచో నిర్ణీత నిముషములలోపల ఫిర్యాదు చేసి సొమ్ము వాపసు పొందవచ్చును. విశ్వాసమను ప్రశ్నకు ఇది యొక యాంత్రిక సమాధానము. దీనికి రెండు సాంకేతిక సాధనములు తోడ్పడెను. మొదటిది టార్. అమెరికా నౌకాదళ పరిశోధనాలయములో 1990 దశకమున పుట్టిన ఆనియన్ రౌటింగు పద్ధతి ననుసరించి, సందేశమును మూడు పొరల సంకేతలిపిలో చుట్టి మూడు కంప్యూటర్ల గుండ పంపగా, ఒక్కొక్కటి తన పొరను మాత్రమే విప్పును గనుక ఎవరు ఎవరితో మాటలాడుచున్నారో మూడింటిలో దేనికిని పూర్తిగ తెలియదు. పత్రికా రచయితలకు, నిరంకుశ ప్రభుత్వముల క్రింద నలుగువారికి కూడ ఆశ్రయమైన యీ విద్యను దొంగలును వాడుకొనిరి. రెండవది బిట్‌కాయిన్. అంతకుముందు వారు లిబర్టీ రిజర్వ్ వంటి సంస్థల ద్వారా సొమ్ము పంపుకొనెడివారు. 2013 మే మాసములో ఆ సంస్థను అమెరికా ప్రభుత్వము మూయించిన పిమ్మట, యజమాని యెవడును లేని బిట్‌కాయిన్ వారికి ప్రధాన ద్రవ్యమయ్యెను.

టార్గెట్‌లో పోయిన కార్డులు రెస్కేటర్ అను దుకాణమున అమ్మకమునకు వచ్చినప్పుడు, ఆ కార్డులు ఏ ఊరి దుకాణమున గీకబడినవో తెలుపు తపాలా పిన్‌కోడును కూడ విక్రేతలు చేర్చి యిచ్చిరి. దూరప్రాంతమున అకస్మాత్తుగ కొనుగోలు జరిగినచో బ్యాంకు కంప్యూటరు అనుమానించును గనుక, తన ఊరివారి కార్డులనే కొనగోరు దొంగ కొరకు చేసిన సౌకర్యమిది. ఎదుటివైపున బ్యాంకులవారును ఊరకుండలేదు. తాము జారీచేసిన కార్డులను తామే ఆ దుకాణమున కొన్నిటిని కొని, వాని యజమానులు ఇటీవల ఎచ్చటెచ్చట కొనుగోళ్లు జరిపిరో లెక్కలు తీసి పోల్చిచూచిరి. వేరువేరు మనుష్యుల వేరువేరు జీవితములలో ఉమ్మడిగా కనబడిన ఒకే చోటు టార్గెట్. సమితుల ఉమ్మడి భాగమును కనుగొను ఈ సరళమైన గణితమే, టార్గెట్ సంస్థ స్వయముగ బహిరంగముగ చెప్పకమునుపే దొంగతనము జరిగిన స్థలమును బయటపెట్టినది. ఆ వార్తను 2013 డిసెంబరు 18న పత్రికా రచయిత బ్రయాన్ క్రెబ్స్ వెల్లడించెను.

2014 అక్టోబరులో మొదలైన జోకర్స్ స్టాష్ ఈ దుకాణములకెల్ల తలమానికమయ్యెను. ఏటేట సుమారు 4 కోట్ల కార్డుల వివరములు అందు అమ్మకమునకు వచ్చెడివని, నిర్వాహకులకు వచ్చిన లాభము 28 కోట్ల డాలర్లు మొదలు 100 కోట్ల డాలర్లకు పైగా ఉండవచ్చునని అమెరికా ప్రభుత్వపు అంచనా. 2020 జనవరిలో వావా అను పెట్రోలు బంకుల దుకాణముల నుండి దొంగిలించిన 3 కోట్ల కార్డులు అందు చేరెను. బ్రయాన్స్‌క్లబ్ అనునది దీనికి పోటీ. 2019లో దాని సరకంతయు, అనగా 2 కోట్ల 60 లక్షల కార్డుల వివరములు, ఎవరో దొంగిలించి బయటపెట్టగా, అవి బ్యాంకులకు చేరి రద్దు చేయుటకు వీలాయెను.

ఈ కోట్ల లెక్కల నడుమ నష్టపోయినవారిని మరచుట న్యాయము కాదు. ట్రాక్2 అను పేరుతో వర్తకము చేసిన రోమన్ సెలెజ్నెవ్ పెద్ద సంస్థలకంటె చిన్న భోజనశాలల పైననే ఎక్కువగ కన్నువేసెను. ఏలయన వారికి కంప్యూటర్ల భద్రత చూచుకొను ప్రత్యేకోద్యోగి యుండడు. 2014 జూలైలో మాల్దీవులలో అతడు పట్టుబడినపుడు అతని ల్యాప్‌టాపులో 17 లక్షలకు పైగా కార్డు సంఖ్యలుండెను. అతని వలన కలిగిన నష్టము 16 కోట్ల 90 లక్షల డాలర్లకు పైబడినదని న్యాయస్థానము లెక్క తేల్చి, 2017లో 27 సంవత్సరముల శిక్ష విధించినది. సియాటిల్ నగరమందలి బ్రాడ్‌వే గ్రిల్ అను భోజనశాల ఆ దెబ్బకు దివాలా తీసినది. కార్డు మోసమును బ్యాంకులు భరించును గదా, ప్రజలకేమి నష్టమని వాదించువారికి ఈ ఒక్క ఉదాహరణము చాలును. దొంగలకు శిక్ష పడినను ఆ భోజనశాలలో పనిచేసినవారి జీతములు మరల రాలేదు. సెలెజ్నెవ్ సయితము పూర్తి శిక్ష అనుభవింపక, 2024 ఆగస్టులో జరిగిన ఖైదీల మార్పిడిలో రష్యాకు తిరిగిపోయెను.

పతనము త్వరితముగ వచ్చెను. 2021 జనవరిలో జోకర్స్ స్టాష్ నిర్వాహకుడు తాను విరమించుచున్నానని ప్రకటించి, చెప్పిన గడువుకు ముందే, ఫిబ్రవరి 3న, దుకాణము కట్టివేసెను. అంతకుముందు కొన్ని మాసములుగ కొనువారు సరకు పనికిరానిదగుచున్నదని ఫిర్యాదు చేయుచుండిరి. దాని స్థానము నాక్రమించిన యూనీసీసీ 2022 జనవరిలో విరమించెను. మరుసటి నెలలోనే, ఫిబ్రవరి 7న, రష్యా పోలీసులు ఫెరమ్ షాప్, ట్రంప్స్ డంప్స్ మొదలైన దుకాణములను స్వాధీనము చేసికొని, మీలో తరువాతివాడెవడను ప్రశ్నను వాని పుటలో వ్రాసిపెట్టిరి. ఆ ఏడే మొదలైన బైడెన్‌క్యాష్ అను దుకాణము, పేరు తెచ్చుకొనుటకై 33 లక్షల కార్డుల వివరములను ఉచితముగ పంచెను. 2025 జూన్‌లో దానికి చెందిన సుమారు 145 చిరునామాలను అమెరికా ప్రభుత్వము వశపరచుకొన్నది. 2019లో 100 డాలర్లు పలికిన సరకు నాలుగేండ్లలోపల ప్రకటన కొరకు ఊరక పంచు స్థితికి వచ్చుట పోలీసుల వలన మాత్రమే జరిగిన పని కాదు. పోలీసులు 2004లోను, 2008లోను విపణులను మూయించిరి. ప్రతిసారియు అంతకంటె పెద్దది వెలసినది. ఈసారి అట్లు జరుగలేదు. కారణము కార్డుపైనున్న బంగారు రంగు చిప్.

యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా సంస్థలు 1990 దశకమున కలిసి రూపొందించిన ఆ చిప్‌లో, ఒక్కొక్క కార్డునకు వేరువేరుగ నిర్ణయించిన రహస్య సంఖ్య యొకటి నిక్షిప్తమై యుండును. దానిని బయటికి చదువుటకు వీలులేదు. చిప్ లోపలనే దానితో లెక్క చేయింపవచ్చును. దుకాణపు యంత్రము కొనుగోలు మొత్తమును, తేదిని, తాను అప్పటికప్పుడు యాదృచ్ఛికముగ ఎంచుకొన్న ఒక సంఖ్యను చిప్‌కు పంపును. చిప్ వానికి తన లావాదేవీల క్రమసంఖ్యను చేర్చి, రహస్య సంఖ్యతో గణించి, ఒక సంకేతమును ఉత్తరముగ నిచ్చును. ఆ రహస్య సంఖ్యను తన యొద్దనున్న మూలసంఖ్యనుండి పునర్నిర్మింపగల బ్యాంకు అదే లెక్క చేసి సరిపోల్చును. మరుసటి కొనుగోలునకు మొత్తము మారును, యాదృచ్ఛిక సంఖ్య మారును, క్రమసంఖ్య మారును; కనుక సంకేతమును మారును. దొంగ మెమరీలో కాచుకొని యీ సంకేతమును పట్టుకొన్నను, అది గడచిపోయిన కొనుగోలునకు మాత్రమే చెల్లును. పట్టీ ఒకే సమాధానము చెప్పెడిది. చిప్ ప్రతి ప్రశ్నకు ఆ ప్రశ్నకే తగిన సమాధానము చెప్పును. దొంగతనము మానలేదు, దొంగిలించిన దానికి విలువ పోయినది.

యూరపు దేశములు ఈ మార్పును ముందుగ చేసికొనగా అమెరికా ఆలస్యము చేసినది. దొంగలు అమెరికా దుకాణములపై పడుటకు ముఖ్య కారణమదే. 2015 అక్టోబరు 1 నుండి చిప్ చదువు యంత్రము పెట్టని దుకాణదారుడే మోసపు నష్టమును భరింపవలెనను నియమము వచ్చిన పిమ్మట, చిప్ యంత్రములు పెట్టిన దుకాణములలో నకలు కార్డుల మోసము 2019 మార్చి నాటికి నూటికి 87 వంతులు తగ్గినదని వీసా ప్రకటించెను. పెట్రోలు బంకులకు మాత్రము 2021 ఏప్రిల్ వరకు గడువిచ్చిరి. వావా బంకులలో 3 కోట్ల కార్డులు పోయినది ఆ గడువు నడుచుచున్న కాలముననే. 2033 నాటికి తన క్రెడిట్, డెబిట్ కార్డులలో ఒక్కదానిపైనను అయస్కాంత పట్టీ యుండదని మాస్టర్‌కార్డ్ చెప్పియున్నది.

అంతర్జాలపు కొనుగోళ్లలో చిప్ పనిచేయదు గనుక దొంగలు అటు మరలిరి. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెల్లింపు పుటలో ఇరువది రెండు పంక్తుల ప్రోగ్రాము చొప్పించి లక్షల మంది కార్డులను ఏరుకొనిరి. ఈ విషయమున మన రిజర్వు బ్యాంకు చూపిన దూరదృష్టిని మనస్ఫూర్తిగ కొనియాడవలెను. 2009 ఆగస్టు నుండియే, చాల దేశములకంటె ముందుగ, అంతర్జాలపు కొనుగోలునకు కార్డు సంఖ్య చాలదని, యజమాని వేరుగా నిర్ధారింపవలెనని నియమించినది. మనమందరము ఎరిగిన ఓటీపీ దాని ఫలితమే. 2018 చివరినాటికి పట్టీ మాత్రమే గల కార్డులను చిప్ కార్డులుగ మార్పించెను. అయినను 2019లో మన కార్డులకు 100 డాలర్ల ధర ఏల పలికినది? విదేశములలోని అనేక వ్యాపార స్థలములు ఓటీపీ అడుగవు. చిప్ లేకున్నను పట్టీని చదివి తృప్తిపడు యంత్రములు అచ్చట నింకను కలవు. మన ఇంటికి మనము వేసికొన్న గొళ్లెము పరదేశమున పనిచేయలేదు. 2020 ఫిబ్రవరిలో మరల 4,61,976 కార్డులు, ఈసారి 9 డాలర్ల చొప్పున, అదే అంగడికి వచ్చినవి. ఆ ఏటి రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము క్రొత్త కార్డు దేశములోపలి ఏ.టి.ఎం.లలోను దుకాణములలోను మాత్రమే పనిచేయును. విదేశీ వాడుకను, అంతర్జాలపు వాడుకను యజమాని కోరి తెరచుకొనవలెను. 2022 అక్టోబరు 1 నుండి ఏ వ్యాపార సంస్థయు మన కార్డు సంఖ్యను తన యొద్ద నిలువ చేసికొనరాదు; దానికి బదులుగ ఆ ఒక్క సంస్థతో మాత్రమే చెల్లు టోకెన్ అను ప్రత్యామ్నాయ సంఖ్యను ఉంచుకొనవలెను. ఆ సంస్థ కంప్యూటర్లు దోపిడికి గురియైనను, దొరికిన టోకెన్ మరియొకచోట చెల్లదు.

సంఖ్యకు విలువ పోవుటతో దొంగలు సంఖ్యను విడిచి మనిషిని పట్టుకొనిరి. బ్యాంకు ఉద్యోగినని చెప్పి ఫోనులో బెదిరించి ఓటీపీ చెప్పించుకొనుట, కొరియరు వచ్చినదని లింకు పంపుట, పోలీసునని వీడియోలో కనబడి భయపెట్టుట మొదలైనవాని కన్నిటికిని మూలము ఒక్కటే: యంత్రము ఇప్పుడు యజమాని సమ్మతిని అడుగుచున్నది గనుక, ఆ సమ్మతినే దొంగిలింపవలెను. చిప్‌ను కనిపెట్టిన గణితము ఇచ్చట సాయపడజాలదు.

పాఠకులు మూడు పనులు చేసికొనవలెనని నా మనవి. విదేశములకు పోవు పనిలేనివారు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడుక మూసియున్నదో లేదో ఈ దినమే చూచుకొనవలెను. తాము చేయని లావాదేవీ కనబడినచో తక్షణమే బ్యాంకునకును, 1930 అను కేంద్రప్రభుత్వపు సహాయ సంఖ్యకును తెలుపవలెను. ఇంటిలోని పెద్దలకు ఈ సంగతులు ఓపికగ చెప్పవలెను. మోసపోయిన పెద్దలు సిగ్గుపడి దాచుదురు, దాచిన ప్రతి గంటయు సొమ్మును దూరము చేయును. బ్యాంకు తప్పుగాని ఖాతాదారు తప్పుగాని లేక మధ్యలో ఎచ్చటనో దొంగతనము జరిగినపుడు, సమాచారమందిన మూడు పనిదినములలోపల ఫిర్యాదు చేసినవానికి నష్టము శూన్యమని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. ఓటీపీని తానే చెప్పినవాడు సయితము, ఫిర్యాదు చేసిన క్షణమునుండి జరుగు నష్టమునకు బాధ్యుడు కాడు.